ఇసుక మీద కాలిన స్కోన్లు

బెంగళూరులో నేను ప్రూఫులు దిద్దే అచ్చు ఆఫీసు కింద ఈ మధ్య ఒక టీ హోటలు పెట్టారు. మధ్యాహ్నం మూడు దాటగానే వెన్న, కాలుతున్న మైదాపిండి, పొంగిన పాల కమ్మదనం కలిసిన వాసన మెట్లెక్కి మా గదిలోకి వచ్చేస్తుంది. ఆ తరువాత కాసేపు నా కళ్లు కాగితం మీదే ఉంటాయి గాని ఒక్క అచ్చుతప్పూ కనబడదు. మొదటి రోజు కిందికి దిగి గాజు పెట్టెలో పేర్చినవాటిని చూశాను. పక్కన అట్ట మీద రాసిన పేరు చదవకుండానే అవేమిటో తెలిసింది. స్కోన్లు. నాతో దిగిన కొత్త అమ్మాయి "అక్కా, ఇవేంటి, బన్నులా?" అంది. బన్నూ కాదు, బిస్కెట్టూ కాదు, పైన కాస్త గట్టిగా లోపల మెత్తగా ఉండి చేత్తో విరిస్తే పొరలుగా విడిపోయే చిన్న రొట్టె, ఇంగ్లీషువాళ్లు సాయంకాలం టీతో తింటారు అని చెప్పాను. ఎక్కడ తిన్నావక్కా అంటే, కోలారు గనుల దగ్గర, ఇసుక మీద కాల్చినవి అన్నాను. ఆ పిల్ల నవ్వింది. నమ్మలేదు.

నాకు ఊహ తెలిసేసరికే మా ఊరి గనులు మూతపడ్డాయి. గని ఆఫీసులో గుమాస్తాగా చేసిన మా నాన్న బెంగళూరులో ఒక గోడౌనులో పనికి కుదిరి, తెల్లవారకముందే రైలెక్కి, దీపాలు పెట్టాక దిగేవాడు. అమ్మ బంగారుపేటలో చిన్న బడిలో టీచరు. మధ్యాహ్నం బడి వదిలాక నాకు మిగిలింది ఇద్దరే, మా అవ్వా, గనివాళ్ల పాత రీడింగ్ రూమూ. మేముండేది కంపెనీ కట్టించిన క్వార్టర్ల వరసలో. వాటిని లైన్లు అనేవాళ్లం. ఎర్ర రేకుల కప్పు, ముందు చిన్న వరండా, ఇంటికీ ఇంటికీ మధ్య గోరింటాకు కంచె. ఎండాకాలం రేకులు టక్కుటక్కుమని సాగేవి. ఆషాఢం గాలులకు అవతలి సైనైడ్ దిబ్బ మీది తెల్లదుమ్ము లేచి, ఆరేసిన బట్టల మీద, మూతలేని గిన్నెల మీద, చివరికి మా రెప్పల మీద కూడా పలుచగా వాలేది. బంగారం తీసేశాక మిగిలిన రాతిపొడిని వందేళ్లపాటు పోస్తూ పోతే పేరుకున్న దిబ్బ అది. పిల్లలం అట్టముక్కల మీద కూర్చుని దాని పైనుంచి జారేవాళ్లం. పెద్దలు తిట్టేవాళ్లు. ఎందుకు తిడుతున్నారో విడమరిచి చెప్పినవాళ్లు లేరు గనక, బట్టలు మాస్తాయని కాబోలు అనుకునేవాళ్లం.

స్కోన్లు దొరికే చోట్లు మా ఊరి చుట్టుపట్ల అప్పటికింకా మూడు నాలుగు మిగిలి ఉండేవి. బజారు వీధిలో కట్టెల పొయ్యి బేకరీ ఒకటి. అక్కడ శనివారాల్లో మాత్రమే, అవీ ఎర్రవీ పచ్చవీ టూటీఫ్రూటీ ముక్కలు గుచ్చి చేసేవాళ్లు. మధ్యాహ్నానికే గట్టిపడేవి, టీలో ముంచకపోతే పళ్లకు పని. చర్చిలో కోతల పండగనాడు చెట్ల కింద బల్లలు వేసి, గుమ్మడికాయలూ చెరుకుగడలూ వేలం పాడుతుండగా, పెద్ద పళ్లేల్లో పెట్టి అందరికీ పంచేవాళ్లు. ఆ టీలో పొగ వాసన, స్కోనులో సోంపు వాసన. బంగారుపేట స్టేషను బయట ఒక కొట్టువాడు చక్కెర అద్ది అమ్మేవాడు. అమ్మ జీతం రోజున తెచ్చేది. ఇవన్నీ నాకు ఇష్టమే. కాని ఎవరైనా నన్ను నీకు అన్నిటికన్నా నచ్చిన చోటేదని అడిగితే, కంచెకు అవతలి ఐరీన్ ఆంటీ వరండా అనే చెబుతాను.

ఐరీన్ ఆంటీ కంపెనీ బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేది. ఆవిడ తాత నంగలి దగ్గర పల్లె నుంచి గనిలోకి దిగడానికి వచ్చినవాడు. తల్లి దొరల బంగళాలో వంటమనిషి. ఆ తల్లి దగ్గర నేర్చిందే ఈ స్కోన్ల పని. భర్త గనిలోనే ఫోర్‌మన్‌గా చేసి, మూతపడకముందే పోయాడు. ఆవిడకు మిగిలిన తోడు గ్రేసమ్మ సిస్టరు, గని ఆసుపత్రి నర్సు, రెండు లైన్ల అవతల ఇల్లు. ముప్పై ఏళ్లుగా ఇద్దరూ రోజూ నాలుగు గంటలకు ఆ వరండాలో రెండు పేము కుర్చీల్లో ఎదురెదురుగా కూర్చుని టీ తాగేవాళ్లు. స్కోనుకి కత్తి తగలకూడదు, చేత్తో విరవాలి, పెద్ద ముక్క ఎదుటివాళ్లకి ఇవ్వాలి. అది వాళ్ల పద్ధతి. పైన పూయడానికి టమోటా జాము. మా జిల్లాలో టమోటాలు ధర పడిపోయి రోడ్డు పక్కన పారబోసే రోజుల్లో ఆంటీ గంప నిండా తెచ్చి, లవంగం వేసి, చిక్కగా ఉడికించి సీసాల్లో పోసేది. కోలారు టమోటాకు అంతకు మించిన గౌరవం ఎవరూ ఇచ్చి ఉండరు.

మా అవ్వ మాత్రం ఆ కంచె దాటేది కాదు. ఇవతల నిలబడి గంటసేపైనా మాట్లాడేది. కరివేపాకు ఇచ్చేది, గోరింటాకు కోసుకునేది. లోపలికి రమ్మంటే "ఇంగోసారి వస్తాలేమ్మా" అనేది. ఆ ఇంగోసారి ఎన్నేళ్లకూ రాలేదు. మంచినీళ్లు కూడా తాగేది కాదు. నేను అడిగితే "వాళ్లు మంచోళ్లే, మన తిండి వేరే" అనేది. నేను స్కోను తినొచ్చి మూతి తుడుచుకుని నిలబడితే, "యాడ, నోరు తెరువు" అని వాసన చూసి, "లవంగం నమిలినావా, ఐరీనమ్మ ఇంటికి పోయినావా?" అనేది. కొట్టేది కాదు. ఒక చెంబు నీళ్లిచ్చి పుక్కిలించమనేది.

కంపెనీ ఉన్నప్పుడు లైన్లకు కరెంటుకు లోటుండేది కాదు, ఆంటీ ఇంట్లో ఎలక్ట్రిక్ ఓవెను ఉండేది. మూతపడ్డాక మీటర్లు వచ్చాయి, ఓవెను మీద పూలకుండీ వచ్చింది. అప్పటినుంచి ఆంటీ వెనక వసారాలో బొగ్గుల కుంపటి మీద పెద్ద అల్యూమినియం డేగిసా పెట్టి, అడుగున మూడువేళ్ల మందాన ఇసుక పరిచి, ఇటుక ముక్కల మీద రేకు పళ్లెం నిలిపి, మూత మీద కూడా నిప్పులు వేసి కాల్చేది. ఆ ఇసుక కాలీ కాలీ నల్లగా ఉండేది.

నాకు పదేళ్లప్పుడు గ్రేసమ్మ సిస్టరుకు వేలూరులో ఒక నర్సుల హాస్టలులో వార్డెను ఉద్యోగం వచ్చింది. ఆసుపత్రి మూసేశాక అంతకాలం ఖాళీగా ఉన్న మనిషి, వద్దనుకునే స్థితి కాదు. శనివారం ఆరు గంటల రైలుకు ప్రయాణం. ముందురోజు ఆంటీ కంచె దగ్గర మా అవ్వతో అంటుంటే విన్నాను: "పోనీమ్మా, దానికీ కూడు కావాల గదా. రేపు నాలుగ్గంటలకి ఒక్కసారి బాగా చేసి పెడతాను. ఎల్లుండి నుంచి ఎవురితో తాగాలో ఏమో." అవ్వ గోరింటాకు దూస్తూ ఉండిపోయింది.

ఆ చివరి స్కోన్లు ఎన్నడూ లేనంత బాగా రావాలని నాకూ పట్టుదల పుట్టింది. రీడింగ్ రూములో అట్టలూడిన సైన్సు సంపుటాలు ఉండేవి. మా తరగతిలో వాటిని తెరిచింది నేనొక్కదాన్నే అని నాకు కొండంత గర్వం. వాటిలో ఒకచోట, సన్నటి రేణువులు దగ్గరదగ్గరగా సర్దుకుంటాయనీ, ముతకవాటి మధ్య గాలి ఉండి వేడికి అడ్డుపడుతుందనీ చదివాను. సగమే అర్థమైంది. మిగతా సగం నేనే పూర్తి చేసుకున్నాను: ఆంటీ ఇసుక ముతకది, పైగా మురికిది, సన్నది వేస్తే స్కోన్లు అన్ని వైపులా ఒకేలా కాలుతాయి. మా ఊళ్లో అన్నిటికన్నా సన్నటి ఇసుక ఎక్కడుందో నన్ను అడగాలా? శనివారం ఒంటిపూట బడి. ఆంటీ గ్రేసమ్మ సిస్టరు ట్రంకుపెట్టె కట్టడానికి వెళ్లిన వేళ చూసి, పుస్తకాల సంచి ఖాళీ చేసుకుని దిబ్బకు పోయాను. పట్టులా జారే పిండి నింపుకొచ్చి, డేగిసాలో నల్ల ఇసుక మురికికాలువలో పోసేసి, తెల్లది చక్కగా చదును చేసి పెట్టాను. చెప్పకుండా ఉంచి, తిన్నాక చెప్పాలని నా ఆలోచన.

ఆంటీ తొందరలో ఉంది. వసారాలో వెలుగు తక్కువ. పళ్లెం దించి మూత పెట్టేసింది. గ్రేసమ్మ సిస్టరు అప్పటికే చీర మార్చుకుని, చేతిసంచితో వచ్చి కూర్చుంది. పావుగంటకు ఆంటీ మూతెత్తింది. వెన్న వాసన రాలేదు. తడి ఇనుములాంటి వాసనేదో వచ్చింది. స్కోన్ల మీద బూడిదలా పలుచటి పొడి పరుచుకుని ఉంది.

"ఈ ఇసుక యాడిది?" అంది ఆంటీ.

"దిబ్బది ఆంటీ. సన్నగా ఉంటే వేడి బాగా పాకుతుందంట. పుస్తకంలో ఉండాది."

"యేసప్పా!" అని ఆంటీ మూత వదిలేసింది. గ్రేసమ్మ సిస్టరు లేచి నా రెండు చేతులూ పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కుపోయి, సబ్బుతో మూడుసార్లు కడిగి, గోళ్ల సందులు చూసి, "నోట్లో ఏమన్నా పెట్టుకున్నావా? నిజం చెప్పు" అంది. ఆసుపత్రిలో వంద పడకల అవతలికి వినబడే గొంతు అది. అది విషం కలిపి కడిగిన మట్టి అని, జారుడుబండ కాదని ఆ రోజే నాకు తెలిసింది. స్కోన్లు గుంత తీసి పూడ్చారు. డేగిసా ఇంక పనికిరాదన్నారు. నా సన్నటి రేణువుల శాస్త్రం కూడా ఆ గుంతలోనే పడింది.

ఆంటీ మెట్టు మీద కూర్చుండిపోయింది. "ఇంగేం చేసేది గ్రేసూ, బిస్కెట్లు తెప్పిస్తా" అంది.

"ముప్పై ఏండ్లు నీ చేత్తో తిన్నాను. పొయ్యే పొద్దు అంగడి బిస్కెట్టా?" అంది గ్రేసమ్మ సిస్టరు. నవ్వబోయి ఊరుకుంది.

నాలుగు కావస్తోంది. ఇంకొకసారికి సరిపడా మైదా ఉంది, మజ్జిగ ఉంది. ఇసుక లేదు, గిన్నె లేదు. నేను ఏడుస్తూ కంచె దూరి ఇంటికి వెళ్లి అవ్వకు జరిగినదంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. అవ్వ వంటింట్లోకి పోయి, తాను శనక్కాయలు వేయించే ఇనప బాండ్లి తీసింది. అందులో పాలారు ఏటి ఇసుక, జల్లించి, కడిగి, ఎండబెట్టి ఏళ్ల తరబడి దాచుకున్నది. ఆ బాండ్లిని మా అమ్మను కూడా ముట్టనిచ్చేది కాదు. దాన్ని చంకన పెట్టుకుని, పైన ఇత్తడి పళ్లెం మూతేసి, కంచె చుట్టూ తిరిగి, వీధి వైపు నుంచి, మొదటిసారి ఆంటీ వరండా మెట్లెక్కింది.

"ఏమ్మా ఐరీనమ్మా, లెయ్. మీ పాపకి బుద్ధి చెప్పేది రేపు చేస్తాము. నిప్పులు ఆరిపోతా ఉండాయి."

"మీ పాప అమ్మా అది."

"చెడగొట్టింది మీ ఇంట్లో గదా, ఈ పొద్దుకి మీ పాపే."

గ్రేసమ్మ సిస్టరు ఈసారి నిజంగానే నవ్వింది. అవ్వ కుంపటి ముందు కూర్చుని, ఇసుక మీద చెయ్యి ఆడించి వేడి చూసి, "ఇప్పుడు పెట్టు" అంది. ఐదు గంటలకు ఆరు స్కోన్లు దిగాయి. అడుగున కొంచెం ఎక్కువ కాలాయి, శనక్కాయల వాసన పట్టింది. గ్రేసమ్మ సిస్టరు ఒకటి విరిచి, పెద్ద ముక్క ఆంటీకి ఇచ్చింది. ఇద్దరూ తిన్నారు. ఆంటీ ఇంకొకటి విరిచి మా అవ్వ ముందు చెయ్యి చాపి, అంతలో జ్ఞాపకమొచ్చి వెనక్కి తీసుకోబోయింది.

"గుడ్డు ఏసినావా?" అంది అవ్వ.

"లేదమ్మా. మజ్జిగే."

అవ్వ తీసుకుంది. నెమ్మదిగా నమిలింది. "రాగిరొట్టి అంత లేదు గాని, పరవాలేదు. ఇంగ రోంత ఉప్పు పడాల" అంది. మేమంతా రైలు దాకా వెళ్లాం. అందరం తిన్నాక మిగిలిన రెండు స్కోన్లు గ్రేసమ్మ సిస్టరు చేతిరుమాల్లో కట్టుకుని వేలూరుకు పోయింది.

మర్నాడు ఆదివారం. నాలుగు గంటలప్పుడు అవ్వ చీర సర్దుకుని, "నా బాండ్లి ఆయమ్మ దగ్గరే ఉండిపాయ, తెస్తాను" అని బయలుదేరింది. ఐదున్నరకు ఉత్త చేతులతో తిరిగొచ్చింది. "మరిసిపోయినాను" అంది. సోమవారం మళ్లీ బాండ్లి కోసం వెళ్లింది. మంగళవారం కూడా. నాన్న ఒకరోజు "అమ్మా, నేను పోయి తెచ్చేదా?" అంటే "నువ్వు రైలు నుంచి వచ్చేసరికి ఆయమ్మ తలుపేసుకుంటాది, నీకేల" అని కసిరింది. ఆ బాండ్లి ఏడేళ్లలో ఎన్నడూ మా ఇంటికి రాలేదు. శనక్కాయలు కూడా అక్కడే వేయించుకునేవాళ్లు. నేను పదో తరగతి పరీక్షలకు ఆ వరండా మెట్ల మీదే చదివాను. వెనక నుంచి ఇద్దరూ టమోటాల ధరల మీద, దేవుళ్ల మీద, ఉప్పు మీద తగువులాడుకుంటూ ఉండేవాళ్లు.

ఆ ఏడేళ్ల చివర అవ్వ పోయింది. తరువాత రెండేళ్లకు ముళబాగిలులో మేనకోడలి ఇంట్లో ఆంటీ కూడా పోయింది. బేకరీ ఉన్న చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. రీడింగ్ రూము తలుపులు చెదలు తిన్నాయి. పోయిన నెల పనిమీద వెళ్లి, మా పాత లైను చూడబుద్ధయి ఆగాను. గోరింటాకు కంచె తీసేసి గోడ కట్టారు. ఆ వరండాకు ఇనప గ్రిల్లు వేసి, లోపల స్కూటరు పెట్టుకున్నారు. గ్రిల్లు వెనక నుంచి ఒకామె "ఎవురు కావాలమ్మా?" అంది.

"ఎవరూ వద్దు. ఇక్కడ ఇద్దరు ఆడవాళ్లు రోజూ కూర్చుని టీ తాగేవాళ్లు, చూద్దామని."

"ఎవురు వాళ్లు?"

"మా అవ్వ, మా అవ్వ స్నేహితురాలు" అన్నాను.

బతికి ఉండగా వాళ్లిద్దరూ ఆ మాట ఒక్కనాడూ అనుకోలేదు.