చప్పుడు పోయిన ఎయిర్ గన్

పెనుబల్లి దగ్గర మా మామిడితోటలో కోతుల బెడద ఎక్కువైతే చవకరకం ఎయిర్ గన్ ఒకటి కొన్నాను. గుండు లేకుండా పేల్చినా పెద్ద చప్పుడు చేసేది. ఆ చప్పుడుకే కోతుల మంద అడవి దారి పట్టేది.

నాకది చాల్లేదు. గురి కుదరని తుపాకీ చేతిలో ఉంటే నాకు ఒళ్లు మండుతుంది. వానాకాలమంతా దాన్ని విప్పుతూ బిగిస్తూ కూర్చున్నాను. స్ప్రింగు ఎగిరి వేలు చీరుకుపోయింది. అరిగిన వాషరు తీసేసి చెప్పుల తోలు కోసి పెట్టాను, గ్రీజు పూశాను, వెనక కర్ర టేకుతో చేయించాను. చివరికి గోడ మీది నిమ్మకాయ ఎగిరి పడ్డప్పుడు, ఆ పూట నాకు అన్నం సహించలేదు సంతోషంతో.

కాయలు ముదిరాక కోతులు మళ్లీ దిగాయి. వాటిని కొట్టే ఉద్దేశం నాకెప్పుడూ లేదు, గాల్లోకి పేల్చాను. మెత్తగా టక్కుమంది. కొమ్మ మీది కోతి నావైపు ఒకసారి చూసి, కాయ కొరుక్కుంటూ కూర్చుంది.

“గింత కష్టపడి దాని నోరు మూసినవ్,” అంది నా భార్య.

గ్రీజు తుడిచాను, పాత వాషరు వెతికి పెట్టాను. ఆ మోటు చప్పుడు మళ్లీ రాలేదు. ఇప్పుడు ఆమె గరిటెతో స్టీలు పళ్లెం మోగిస్తూ చెట్ల కింద తిరుగుతుంది. నేను తుపాకీ మోసుకుంటూ వెనక నడుస్తాను.