మోచేతి గాలి

లింగయ్యకు పెళ్లామూ తిత్తీ ఒకే రోజు వచ్చాయి. రెండూ మేనమామ ఇచ్చినవే. ధరూరు దగ్గరి పల్లెలో గొర్రెలు కాసుకునే ఇల్లు వాళ్లది. మేనమామకు కొడుకులు లేరు. ఒక్కతే కూతురు, రుక్కమ్మ. పెళ్లి పందిట్లోనే ఆయన తిత్తిని తెచ్చి అల్లుడి చంకలో పెట్టి, నాకు ఇక దమ్ము చాలదు, నువ్వు చూసుకో అన్నాడట. కోపం వచ్చినప్పుడల్లా రుక్కమ్మ ఆ సంగతి తీసేది. మా నాయిన నాకు మొగుణ్ణి చూడలేదు, తిత్తికి చూసిండు అనేది.

తిత్తి అంటే మేకతోలును చీల్చకుండా నిండుగా ఒలిచి చేసిన సంచి. ఒక కాలికి ఊదే గొట్టం, ఇంకో కాలికి పలికే పీక. నోటితో గాలి నింపి, చంకలో పెట్టి ఒత్తుతుంటే ఒకే ఒక స్వరం వస్తుంది. అది పైకి పోదు, కిందికి రాదు. కథ చెప్పేవాడు దాని మీద నిలబడి పాడతాడు. పాట ఎంత దూరం తిరిగినా చివరికి అక్కడికే వచ్చి కూర్చుంటుంది. వినేవాళ్ల చెవులు కాసేపటికి దాన్ని మరిచిపోతాయి. ఆగితే మాత్రం పందిరి గుంజ లాగేసినట్టుంటుంది.

ఒక కరువు యేడు మందలో సగం పోయింది. మిగిలిన గొర్రెలను తోలుకుని మొగుడూ పెళ్లాలు గద్వాలకు వచ్చి, కోట వెనక గుడిసె వేసుకున్నారు. అక్కడ లింగయ్యకు నాగప్ప దొరికాడు.

నాగప్ప చీరలు నేసేవాడు. పగలంతా గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చుని పాడేవాడు. అతని గొంతు వీధి చివరి దాకా వినిపించేది. నేతగాళ్లనూ గొర్రెల కాపరులనూ పోగుచేసి పదాల సంఘం అని పెట్టాడు. ఆదివారం పొద్దు వాలాక మగ్గాల కొట్టం ముందు జంపఖానా పరిచేవారు. నాగప్ప కథ ఎత్తుకునేవాడు. శాంతయ్య డోలు. ఇద్దరు వంతపాట. వెనక లింగయ్య తిత్తి. లింగయ్య తనకంటే పెద్దవాడని నాగప్ప ఆయన్ను మామా అనేవాడు.

సంఘానికి ఒక కట్టడి ఉండేది. అది పెద్దల నుంచి వచ్చింది. కథ మధ్యలో శ్రుతి తెగితే కథ తెగినట్టే. తెగిన చోట అతకకూడదు. మళ్లీ మొదటి గణపతి పదం నుంచి ఎత్తుకోవాలి. రోజంతా తెగిన పోగులు ముడివేసే నాగప్పకు ఈ ఒక్క పోగును ముడివేసే హక్కు లేదు.

చాలా యేళ్లు ఆ కట్టడితో పని పడలేదు. లింగయ్య ఊపిరి అంత పొడుగు. తర్వాత దగ్గు పట్టుకుంది. ఆ చలికాలం జమ్మిచేడు జాతరలో కథ మంచి పట్టులో ఉండగా తిత్తి సన్నగా మూలిగి ఆగింది. నాగప్ప గణపతి నుంచి మొదలుపెట్టాడు. కథ మళ్లీ అక్కడికి వచ్చేసరికి మళ్లీ ఆగింది. జనంలో ఎవరో, గణపతికి ఎన్నిసార్లు మొక్కుతరే, ఆయనకు వేరే పని లేదా అన్నారు. అంతా నవ్వుకుంటూ లేచి పోయారు.

ఆ వారమే నూనె వ్యాపారం చేసే సేటు ఒకాయన, మా ఇంట్లో హార్మోనియం పెట్టె ఊరికే ఉంది, తీసుకుపొండి అని కబురు పెట్టాడు. పెట్టెకు దగ్గు రాదు. సంఘం కూర్చుని మాట్లాడింది. నాగప్ప జంపఖానా అంచును చూస్తూ, ఈ ఎండాకాలం గడవనిద్దాం, ఇంకొక్కసారి తెగితే పెట్టె తెచ్చుకుందాం అన్నాడు. లింగయ్య సరేనని తల ఊపాడు. ఆ తర్వాత రోజూ గొర్రెల దొడ్లోకి పోయి ఊదుతూ, తన ఊపిరి ఎక్కడిదాకా వస్తుందో చూసుకునేవాడు. రోజూ నిన్నటికంటే కొంచెం ముందే ఆగేది. లోపల రుక్కమ్మ వింటూనే ఉండేది. ఏదో పని చెప్పి పిలిచేది. ఆగిపోయిన సంగతి ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు.

అది పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిది. కృష్ణ మీది రైలు వంతెనను చూసుకునేందుకు గద్వాల స్టేషను బంగళాలో ఒక దొర ఉండేవాడు. పేరు కాసిడీ. ఊరు కాశిదొర అనేది. ఇంగ్లీషువాడు కాదు, ఐర్లాండువాడు. ఆ తేడా అతనికి చాలా ముఖ్యం, ఊరికి తెలియదు. చీరల మూట పార్సిల్ వేయడానికి స్టేషనుకు పోయిన నాగప్పకు బంగళాలోంచి తిత్తి వినిపించింది. లింగయ్య ఇక్కడికెందుకు వచ్చాడని తొంగి చూశాడు. వరండాలో దొర ఒక్కడే కూర్చుని వాయిస్తున్నాడు. చంకలో తోలు సంచి. మోకాళ్ల మీద గొట్టాలు. గోడవైపు తిరిగి ఉన్నాడు.

నాగప్పకు ఉర్దూ వచ్చు, దొరకూ కొంత వచ్చు. పార్సిల్ ఆ రోజు పోలేదు. పదాల సంఘం కాశిదొరను మూడు ఆదివారాలు పాటకు పిలిచిందని సాయంత్రానికి ఊరంతా తెలిసింది.

మొదటి ఆదివారం మిద్దెల మీద ఆడవాళ్లు, కింద మగవాళ్లు నిండిపోయారు. దొరకు కుర్చీ వేశారు. అతను నడుముకు ఏదో పట్టీ కట్టుకుని, సంచి సర్దుకుని, మొదట ఒకే స్వరం నిలిపాడు. సంఘం వాళ్లు తలలు ఊపారు. శ్రుతి కుదిరింది. ఆ మీద పాట మొదలైంది. అది ఎండ్రకాయలా పక్కకు పరిగెత్తి, మళ్లీ తన బొరియలోకే దూరుతోంది. రెండోసారి దూరేసరికి శాంతయ్య చేతులకు డోలు దెబ్బ దొరికింది. పిల్లలు ఎగరబోయారు.

అంతలో దొర పాట ముగించి, మొత్తం ఆపేసి, తల వంచాడు.

శ్రుతి తెగింది. పిలిచిన అతిథికి అట్లా జరిగిందని నాగప్ప నొచ్చుకున్నాడు. లేచి నిలబడి, అతని తరఫున గణపతి పదం మొదటి నుంచి పాడాడు. దొర అది మెచ్చుకోలు అనుకుని సంతోషించాడు. ఇంకో పాట వాయించి ఆపాడు. సంఘం మళ్లీ గణపతి పదం అందుకుంది. మూడో పాటకూ అంతే. ఆ తర్వాత దొర నాగప్పను దగ్గరికి పిలిచి, మీ పాట బాగుంది, ఇంకొకటి రాదా అని ఉర్దూలో అడిగాడు.

నాగప్ప కట్టడి వివరించాడు. దొర కళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు. ఆపడం మా అలవాటు, ఆపకపోతే నాకేం కష్టం లేదు, దీపాలు పెట్టేదాకా ఇట్లాగే పోతాను అన్నాడు. ఆ తర్వాత ఆపలేదు. ఒక పాటలోంచి ఇంకో పాటలోకి దాటాడు. పాటకూ పాటకూ మధ్య ఒక చేతిని గొట్టాల మీంచి తీసి చెంబెత్తి మంచినీళ్లు తాగాడు. డోలును ఏమంటారని శాంతయ్యను అడిగాడు. ఈ పాట మా ఊరి చేపలవాళ్లది అని చెప్పాడు. శ్రుతి వణకలేదు.

లింగయ్య ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన పాట వినలేదు. దొర నోటిని చూస్తున్నాడు. నీళ్లు తాగే నోరు, మాట్లాడే నోరు. తర్వాత ఆయన చూపు దొర కుడి మోచేతి మీదికి పోయింది. అది నెమ్మదిగా లేస్తోంది, దిగుతోంది. దాని కింద చిన్న కొలిమితిత్తి ఉంది.

జనం పోయాక ఆయన దగ్గరికి వచ్చాడు.

"దొరా, నీ ఊపిరి దీనికి తగలనే తగలదా?"

నాగప్ప ఆ మాట చేరవేశాడు. దొర తలూపి, పట్టీ విప్పి మొత్తం లింగయ్య చేతిలో పెట్టాడు. గాలి లోపలికి పోతుంది, తోలు నాలుక అడ్డం పడి వెనక్కి రాదు. లింగయ్య దాన్ని వేలితో తెరిచి, మూసి, మళ్లీ తెరిచి చూశాడు.

మరునాడు కమ్మరి యాదయ్య దగ్గరికి పోయాడు. యాదయ్య పూర్తిగా విని, కొలిమి గాలికి ఇనుము కాల్చుడే వస్తది లింగన్నా, పాట రాదు అన్నాడు. అన్నాడే గాని రెండు చెక్కలు, ఇంత తోలు తీసుకుని వారం తిరక్కముందే చేసిచ్చాడు. లింగయ్య ఊదే గొట్టం పీకేసి, ఆ కాలికి దాన్ని బిగించాడు.

పని మాత్రం సాగలేదు. చిన్నప్పుడు మేత కొడుతూ తుమ్మచెట్టు మీంచి పడ్డ కుడిచేయి ఆయనది. పక్కకు జానెడు కూడా లేవదు. ఎడమచేతికి మారిస్తే సంచి ఒత్తే బలం కుడిచేతికి లేదు. గాలి ఒకసారి నిండుగా, ఒకసారి తేలిగ్గా పోయేది. శ్రుతి ఎదకొచ్చిన మేకలా అరిచేది. గొర్రెలు దొడ్లో ఓ మూలకు చేరేవి.

"రెక్కిరిగిన కోడి లెక్క కొట్టుకుంటున్నవ్," అంది రుక్కమ్మ.

రెండో ఆదివారం పాట అయ్యాక దొర ఆయన వెనక నిలబడి, మోచేయి పట్టుకుని ఆడించి చూపాడు. చేయి లేచే చోట ఆగిపోతోంది. దొరకు అర్థమైంది. చేయి వదిలాడు.

లింగయ్య తిత్తిలో గాలి తీసి, మడతపెట్టి పక్కన పెట్టాడు.

"ఆ పెట్టె తెప్పియ్యి నాగప్పా. నాతోని కాదు."

నాగప్ప వచ్చే ఆదివారం దాకా చూద్దాం అన్నాడు. చూసేదేమీ లేదని ఇద్దరికీ తెలుసు. కాశిదొర మూడో ఆదివారం సంఘం కథ వినాలని కోరాడు. ఆ కథ హార్మోనియం మీదే చెప్పాలి.

యాదయ్య వస్తువు యాదయ్యకు ఇచ్చి రమ్మని లింగయ్య పెళ్లాన్ని పంపాడు. రుక్కమ్మ కొలిమికి పోయేసరికి యాదయ్య నాగటి కర్రు సాగగొడుతున్నాడు. అతని భార్య సాయమ్మ పక్కన కూర్చుని, ఒక చేత్తో కొలిమితిత్తి లాగుతూ, ఇంకో చేత్తో మనవణ్ణి పట్టుకుని వీధిలో ఎవరితోనో మాట్లాడుతోంది. ఆమె చేయి లెక్క తప్పడం లేదు. రుక్కమ్మ కాసేపు నిలబడి చూసింది. తెచ్చినదాన్ని చంకలో పెట్టుకుని అట్లాగే వెనక్కి వచ్చింది.

మగ్గాల కొట్టం దగ్గర నాగప్పను పట్టుకుని, గాలి నేను కొడతా అంది. ఆయన సంచి ఒత్తితే చాలు. నాగప్ప తల గోక్కున్నాడు. ఆడమనిషి కథలో కూర్చోవడం మన దాంట్లో లేదత్తా అన్నాడు.

"నేను కథల కూసుంటలేను. గాలికాడ కూసుంటున్న," అంది రుక్కమ్మ. "యాదయ్య పెండ్లాం కొలిమికాడ కూసుంటే కర్రుకు మైలొచ్చిందా?"

నాగప్ప సరేనని మగ్గంలోకి దిగాడు. ఇంటి దగ్గర లింగయ్య ఒప్పుకోలేదు గాని, ఆయన ఒప్పుకోలును ఆమె అడగలేదు. ఆ వారమంతా దొడ్లో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని సాధన చేశారు. మొదట తిట్టుకున్నారు. శనివారానికి గొర్రెలు మూల వదిలి తమ చోట్లలో పడుకున్నాయి.

మూడో ఆదివారం మొదట కాశిదొర వాయించాడు. తర్వాత కుర్చీ వద్దని జంపఖానా అంచున కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. రుక్కమ్మ కొంగు నడుముకు దోపుకుని మొగుడి పక్కన కూర్చుంది. మిద్దెల మీద నవ్వులు వినిపించాయి. శ్రుతి లేచింది. నవ్వులు ఆగాయి. నాగప్ప గణపతి పదం పాడి కథ ఎత్తుకున్నాడు.

అది ఏడుగురు అన్నల చెల్లెలి కథ. గద్వాలలో తెలియనివాళ్లు లేరు. కృష్ణ అవతలి గట్టున అన్నలు జ్వరాలతో పడి ఉంటారు. ఒక్కతే చెల్లెలు మందు మూట కట్టుకుని, నిండు వరదలో గుండ్రటి పుట్టి పడవ ఎక్కుతుంది. నడి ఏట్లో పుట్టి తిరగబడుతుంది. చెల్లెలు మళ్లీ కనిపించదు. అక్కడ ఆడవాళ్లు ఏడుస్తారు. ఆ తర్వాత మంగళం.

దొరను పక్కన పెడితే తెలియని మనిషి ఒక్క రుక్కమ్మే. మొగుడు ఆదివారాలకు, జాతరలకు పోయినప్పుడల్లా గొర్రెల దగ్గర ఉండిపోయింది ఆమె. ఇన్నేళ్లలో ఏ కథా చివరిదాకా వినలేదు. ఇప్పుడు కథకు అంత దగ్గరగా కూర్చుని వింటోంది. చేయి బాగానే ఆడుతోంది. చెల్లెలు ఒడ్డుకు వచ్చింది. పుట్టివాడు వద్దన్నాడు. ఆమె వినలేదు. రుక్కమ్మ కళ్లు పెద్దవయ్యాయి. మోచేయి కొంచెం నెమ్మదించింది. శ్రుతి సన్నగా వణికింది.

లింగయ్య చంక బిగించాడు. సంచిలో ఉన్న గాలి ఎంతోసేపు రాదు. శాంతయ్య డోలు మీంచి చూపు తిప్పాడు. నాగప్ప అడుగు వెనక్కి వేసి, పాట విడవకుండానే వాళ్ల పక్కకు వచ్చాడు. అప్పుడు విన్నాడు.

"అది సస్తదా?" అంటోంది రుక్కమ్మ, తల తిప్పకుండా. "సచ్చేటట్టుంటే ఇప్పుడే చెప్పు. నాతోని కాదు."

ఊదే పని లేని లింగయ్య నోరు ఖాళీగానే ఉంది. ఆయన నాగప్ప వైపు చూడలేదు.

"సావదు," అన్నాడు. "నువ్వు కొట్టు."

చేయి మళ్లీ సమంగా ఆడింది. శ్రుతి నిండింది.

నాగప్ప ముందుకు పోయాడు. పుట్టిని నీళ్లలోకి తోశాడు. వరద చెప్పాడు, సుడి చెప్పాడు. నడి ఏరు వచ్చింది. మిద్దెల మీద ఆడవాళ్లు కొంగులు సిద్ధం చేసుకున్నారు. అక్కడ అతను ఒక చరణం ఎక్కువ సాగదీశాడు. ఇంకొకటి. వంతవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పుట్టి ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది, అట్లాగే తిరుగుతూ తిరుగుతూ అవతలి గట్టున పొదకు తగిలింది. చెల్లెలు దిగింది. నెత్తిన మూట తడవలేదు. నాగప్ప ఊపిరి తీసుకోకుండా మంగళం అందుకున్నాడు.

మంగళం అయ్యాక కూడా రుక్కమ్మ మోచేయి ఆడుతూనే ఉంది. లింగయ్య ఆమె చేయి మీద చేయి వేసి ఆపాడు.

మిద్దె మీంచి ఒక ముసలామె లేచి నిలబడింది. ఆమె ఈ కథకు నలభై యేళ్లుగా ఏడుస్తోంది.

"ఏమయ్యా నాగప్పా, ఆ పిల్ల మునగాలె కదా. ఎట్ల దాటిచ్చినవ్?"

నాగప్ప మెడలో కండువా తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఈ యేడు నీళ్లు తక్కువున్నయ్ అవ్వా," అన్నాడు.