ఒళ్లో మట్టి సంచి

ఒళ్లో మట్టి మోసుకొచ్చిన పిచ్చి అమెరికన్ ముసలమ్మ అంటూ మావారు ఈ కథ చెప్పి అందరినీ నవ్విస్తుంటారు. ఆవిడకేం పిచ్చి లేదు. పంతొమ్మిది వందల ఎనభైల్లో, అమెరికాలో రాలీ అనే ఊరు వెళ్లే బస్సులో ఆవిడ పక్కన కూర్చున్నది నేను, ఆయన కాదు. కూర్చుంటుంటే నా మోచెయ్యి ఆవిడ ఒళ్లో సంచికి తగిలింది.

"మెల్లగా హనీ, ఇందులో చేప గుడ్లున్నాయి" అంది.

"నీళ్లు లేకుండానా?" అని దబాయించాను.

ఆఫ్రికాలో వాన గుంటలు ఎండితే ఆ చేపలు చచ్చిపోతాయట. గుడ్లు మాత్రం చెమ్మమట్టిలో మళ్లీ వానలదాకా బతికుంటాయట. ఇవి ఆవిడ భర్త పోయేముందు దాచిన ఆఖరి గుడ్లు. ఆ చేపలు పెంచేవాళ్లలో ఒకరు పోతే గుడ్లు మరొకరు తీసుకుంటారట. ఉత్తరాల్లో తప్ప తెలియని ఒకాయనకు ఇవ్వడానికి వెళ్తోంది.

"మీరే నీళ్లు పొయ్యకూడదూ?"

"గుడ్లలోంచి పిల్లలు రాకపోతే? ఆ ఖాళీ తొట్టిని చూస్తూ ఒక్కదాన్నే ఇంట్లో ఉండాలి."

రాలీ వచ్చేదాకా ఆ సంచి కుదపకుండా నేనూ ఓ చెయ్యి వేసి పట్టుకున్నాను.

పిల్లలు వచ్చాయా? వస్తే, ఆవిడకు ఎవరైనా ఫోన్ చేసి చెప్పారా?