ఘాటీ దిగే సైకిలుకి కొమ్మ తోక

సైకిలుకి తోక కట్టేవాళ్లమండీ, మా చిన్నప్పుడు...

నవ్వకండి, నిజమే! మాది సాలూరుకి పైన, కొండమీద ఊరు. సంత రోజున తెల్లారకుండానే మా అయ్య తన సైకిలుకి అడ్డాకుల మూటలు కట్టేవాడు. విస్తళ్లు కుట్టే ఆకులు... రెండు పక్కలా వేలాడుతుంటే వెనక నుంచి మనిషి కనబడేవాడు కాదు, ఆకుల మూటే నడిచెళ్తున్నట్టుండేది. నాకు మావయ్య పాత సైకిలు. సీటెక్కితే కాళ్లు అందవు. కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కుడే...

ఘాటీ, అంటే కొండ మలుపుల రోడ్డు, దిగుడు మొదలయ్యే చోట ఆగేవాళ్లం. ఆ రోజుల్లో బ్రేకులంటే పేరుకే. మంచు పడితే ఆ రబ్బర్లు రిమ్ముని పట్టేవే కాదు. అందుకని అయ్య గుబురుగా ఆకులున్న కొమ్మ నరికి, అడ్డతీగ నారతో నా సైకిలు వెనక కట్టేవాడు. తన సైకిలుకి ఇంకా పెద్ద కొమ్మ. అది రోడ్డుమీద ఈడ్చుకుంటూ వస్తుంటే సైకిలు జోరెత్తేది కాదు. సంతకి దిగే సైకిళ్లన్నిటికీ అదే బ్రేకు!

ఇక ఆ చప్పుడు... గరగర... గరగర... అబ్బబ్బా, ఇప్పటికీ చెవుల్లోనే ఉందండీ!

అయ్య ముందు, నేను వెనక. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగేవాడు కాదు. "సూడవేటి అయ్యా?" అంటే, "నీ తోక సెప్తంది గదరా గుంటడా, నువ్వెక్కడున్నావో..." అనేవాడు. తన తోక చప్పుడులో నా తోక చప్పుడు ఎలా పోల్చుకునేవాడో మరి!

ఒక చలికాలం... నా ముందు చక్రం నాకే కనబడనంత మంచు. మలుపులో రాయి తగిలి నార తెగింది. కొమ్మ ఊడిపోయింది. చప్పుడు ఆగింది... సైకిలు ఆగలేదు. రెండు బ్రేకులూ కలిపి నొక్కాను, పట్టలేదు.

కింది మలుపులో అయ్య తన సైకిలు పడేసి, ఆకుల మూటలు రోడ్డుకి అడ్డంగా తోసేశాడు. వాటి వెనక చేతులు చాపుకుని నిలబడ్డాడు. నేను పోయి పోయి ఆ ఆకుల్లోనే పడ్డాను.

దెబ్బ తగల్లేదు. ఏడుపు రాలేదు. భయం కూడా ఎటో పోయింది. చేతులు మాత్రం హేండిల్ని వదల్లేదు... అయ్య ఒక్కో వేలూ విప్పి, నోటితో ఊది వెచ్చబెట్టాడు. తిట్టలేదు. "సప్పుడు ఆగిపోనాదిరా..." అన్నాడు, అంతే. ఇద్దరం నలిగిపోయిన ఆకులు ఏరుకున్నాం.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే... ఆ పాత దారి ఇప్పుడు అభయారణ్యంలోకి వెళ్లిపోయింది. మోటారు బళ్లు రాకూడదు, సైకిళ్లకే దారి. వచ్చినవాళ్లని సైకిళ్లమీద తిప్పి అడవి చూపించే గైడు పనికి మా చిన్న గుంట... మా చిన్నమ్మాయి భారతి పేరిచ్చింది. రెండేళ్లుగా దాని ప్రాణమంతా ఆ పనిమీదే! పోయిన ఆదివారం పరీక్ష. ఫారెస్టు ఆఫీసరు గారు కూడా వస్తారు, జనాన్ని పొరపాటు లేకుండా కిందకి దింపితే పని ఖాయం.

"నువ్వూ రా నాన్నా, నీ దారే కదా" అంది. వెళ్లాను... నెత్తిన హెల్మెట్టు పెట్టుకుని, పెళ్లికొడుకులా!

దిగుడు మొదలయ్యే చోట అందరినీ ఆపింది. "ఇక్కడ ఆకు కూడా తెంపకూడదండీ" అని చెబుతోంది. నా చేతులేం చేస్తున్నాయో నాకు తెలీదు... ఆ చోటు అలాంటిదండీ! కొమ్మ విరిచేశాను. తువ్వాలుతో సైకిలు వెనక కట్టేస్తున్నాను.

"నాన్నా! ఏటి సేత్తన్నావు?"

అందరూ తిరిగి చూశారు. ఆఫీసరు గారు కూడా. గుంట పని నా చేతులతో నేనే పోగొట్టేశాను అనుకున్నాను.

అది వచ్చి ముడి విప్పింది. కొమ్మని చెట్టు మొదట్లో పెట్టింది. "ఈయన మా నాన్నేనండీ. రూలు తప్పినవాళ్లు అందరికంటే వెనక రావాలి... నాన్నైనా సరే" అంది. జనం నవ్వారు. నేను మెల్లగా అన్నాను, "సప్పుడు లేకపోతే నేనొస్తన్నట్టు నీకెలా తెలుస్తాదే?"

అయ్య కథ దానికి చిన్నప్పట్నుంచీ తెలుసు. తువ్వాలు నా మెడలో వేసి, "పద" అంది.

ప్రతి మలుపులోనూ ఆగిందండీ... ఒక కాలు కింద పెట్టి, వెనక్కి తిరిగి, అందరి వెనకా వస్తున్న నా తల కనబడేదాకా చూసి, అప్పుడు కదిలింది.

కిందకి దిగాక ఆఫీసరు గారు, "ఆఖరి మనిషి కనబడందే నువ్వు ముందుకి కదల్లేదమ్మా, నేను చూసింది అదే. రేపట్నుంచి డ్యూటీకి వచ్చెయ్" అన్నారు. నా వైపు తిరిగి, "పెద్దాయనా, మీ చేతులు మాత్రం ఇక హేండిలు మీదే ఉంచండి" అన్నారు.

హేండిలు మీదే ఉన్నాయండీ... ఊడి రావడం లేదు! బ్రేకు నొక్కి నొక్కి బిగుసుకుపోయాయి. నవ్వాలి, గెంతాలి, ఊరంతా చెప్పాలి... ఏదీ రాలేదు. ఇంత సంతోషం ఒక్కసారిగా వస్తే మనిషి కొయ్యలా అయిపోతాడని నాకు తెలీదు. "వదులు నాన్నా, వచ్చేశాం" అంటూ గుంటే ఒక్కో వేలూ విప్పింది.

ఇప్పుడు సైకిళ్లకి గట్టి బ్రేకులొచ్చాయి. కొమ్మలు చెట్లమీదే ఉంటున్నాయి. మంచిదే... ఆ గరగర మాత్రం ఘాటీలో ఇక వినబడదు.

వెనక్కి తిరగకుండానే మీ రాకని కనిపెట్టేవాళ్లు మీకెవరుండేవారు? ఏ చప్పుడుతో పోల్చుకునేవారు? రాయండి, అన్నీ చదువుతాను... జవాబులు కాస్త ఆలస్యమైతే ఏమీ అనుకోకండి, వేళ్లు ఇప్పుడిప్పుడే సాగుతున్నాయి.