తీసేయకూడని ఇరవై ప్రశ్నలు

పరీక్షల ముద్రణాలయంలో ఆవిడని అందరూ కామా అక్క అనేవారు. ప్రశ్నపత్రంలో ఎక్కడైనా కామా జారిపోతే ఆవిడ కళ్లు కప్పి బయటపడడం కల్ల. పంతొమ్మిదేళ్లుగా ఫోను గేటు దగ్గర అప్పగించి, కిటికీల్లేని గదిలో కూర్చుని ఎర్ర పెన్సిలుతో ప్రూఫులు దిద్దుతోంది.

పెద్ద పరీక్షని సగంమంది పిల్లలు ఉదయం, మిగతావాళ్లు మధ్యాహ్నం వేరే పత్రంతో రాస్తారు. ఎప్పుడూ వేర్వేరు బల్లలకి వెళ్లే ఆ రెండు పత్రాలూ ఒక ఏడాది ఒకేసారి ఆవిడ బల్ల మీదికొచ్చాయి. ఇరవై ప్రశ్నలు రెండింటిలోనూ పొల్లు పోకుండా ఒకటే. ప్రశ్నలు రాసేవాళ్లకి బద్ధకం ముదిరిందనుకుని, ఇరవైకీ అడ్డంగా గీత కొట్టి పైకి పంపింది.

పావుగంటలో గణాంకాల విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, ఇంకాస్తయితే కొంప మునిగేది. అవి కావాలనే పెట్టాం."

"ఎందుకమ్మా?"

ఆ అమ్మాయి కుర్చీ లాక్కుని, పాత ప్రూఫు వెనక నిరుటి అంకెలు వేసింది. ఆ ఏటి ఉమ్మడి ఇరవైలో ఉదయం పిల్లలకి సగటున పన్నెండు, మధ్యాహ్నం పిల్లలకీ పన్నెండే. మిగతా ప్రశ్నల్లో మాత్రం ఉదయం వాళ్లకి నలభై ఒకటి, మధ్యాహ్నం వాళ్లకి నలభై ఏడు.

"ఇరవైలో సమానమైతే పిల్లలు సమానమేగా? మరి ఆ ఆరు మార్కుల తేడా ఎవరిది?"

"పత్రానిది," అంది అక్క నెమ్మదిగా.

"అంతే. ఆ మేరకు మార్కులు సరిచేస్తాం. లోపల లెక్క చాలా ఉందిలెండి, ప్రాణం మాత్రం ఇదే."

ఒకరి మొహం ఒకరు చూడని వేలాదిమంది పిల్లలు ఆ ఇరవై ప్రశ్నల దగ్గర పక్కపక్కన నిలబడి ఎత్తు చూసుకుంటున్నట్టు అక్కకి అనిపించింది. అంతలోనే తమ్ముడు గుర్తొచ్చాడు. చిన్నప్పుడు మూడు మార్కుల తేడాతో పరీక్ష తప్పి, "నాకు కష్టమైన పేపరు పడింది" అని మొత్తుకుంటే ఇంటిల్లిపాదీ వాణ్ణి ఆటపట్టించారు. ఆవిడ కూడా.

సాయంత్రం తిన్నగా తమ్ముడి వెల్డింగు షాపుకి వెళ్లి, ప్రశ్నల ఊసెత్తకుండా లెక్క మాత్రం చెప్పింది.

"అయితే నేనన్నది నిజమేనంటావా?" అన్నాడు మాస్కు పైకెత్తి.

"అయ్యుండొచ్చురా. తేల్చే దారి అప్పుడు లేదు. కానీ నేను నమ్మాల్సింది."

వాడు చేతిలో రాడ్డు పక్కన పెట్టాడు. "సర్లే, ఇప్పటికైనా నమ్మావుగా. టీ చెప్తా, కూర్చో."

ఆ తరవాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆవిడ ఉమ్మడి ప్రశ్నల్ని పసిబిడ్డని ఎత్తుకున్నంత జాగ్రత్తగా చూసింది. ఒకసారి మధ్యాహ్నం పత్రంలో వాటిలో ఒకదానికి కింద ఇచ్చే నాలుగు జవాబుల వరస తారుమారైతే, నడుస్తున్న యంత్రాన్ని ఆపించింది.

ఫోర్‌మన్ విసుక్కున్నాడు. "జవాబు అదేగా అమ్మా, వరస మారితే ఏం పోయింది?"

"వరస మారితే కొందరికి తేలికవుతుంది. అప్పుడిది అదే ప్రశ్న కాదు," అంది. కొత్త ప్లేటు వచ్చేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.