మా పెరట్లో దీవి

ఆ రోజుల్లో, అంటే నాకు ఇరవై మూడేళ్లుండి, లోకంలో తెలియని విషయమంటూ ఒక్కటీ లేని రోజుల్లో, శ్రీకాకుళంలో వైర్‌లెస్ సెట్లు నడిపే కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. జేబుకో సెల్‌ఫోను ఉన్న కాలంలో ఈ డబ్బాలెందుకని మా గరివిడిలో అందరూ నవ్వేవారు. నేను మాత్రం చాలా సీరియస్‌గా తీసుకున్నాను. ఆఫీసు వాళ్లిచ్చిన జీపీఎస్ మిషను ఇంటికి పట్టుకెళ్లి, మా పెరట్లో కరివేపాకు మొక్క పక్కన నిలబడి వారం రోజులు సాధన చేశాను. మా అమ్మ బట్టలారేయడానికి వస్తే "స్టేషన్‌లోకి అనుమతి లేకుండా రాకూడదు" అనేవాణ్ణి. ఆవిడ తడి తువ్వాలు నా నెత్తిమీదే ఆరేసి వెళ్లిపోయేది.

ఆ ఏడు అక్టోబరులో పెద్ద తుఫాను వచ్చింది. సెల్ టవర్లు వంగిపోయాయి. ఉప్పుటేరుకీ సముద్రానికీ మధ్యనున్న మత్స్యకార పేటలకి రోడ్లు తెగిపోయి, చుట్టూ నీళ్లు చేరి, ఒక్కో పేటా ఒక్కో దీవి అయి కూర్చుంది. దీవికొక వైర్‌లెస్ సెట్టు, ఒక లారీ బ్యాటరీ, ఒక ఆపరేటరు. మా హెడ్డుగారు మమ్మల్ని పడవలో తీసుకెళ్లి ఒక్కొక్కరినీ ఒక్కో దీవిలో దింపారు. దిగేముందు నాతో, "ఊరి పేర్లు చెప్పకండయ్యా. ఈ తీరంలో ఒకే పేరుతో మూడేసి పేటలున్నాయి. మీ నెంబరూ, మిషన్లో కనపడే అంకెలూ చెప్పండి, అంతే" అన్నారు. నేను ఏడో నెంబరు. ఎవరు ఏ దీవిలో దిగారో రాసుకున్న కాగితం హెడ్డుగారి చొక్కా జేబులోనే ఉంది. ఆ చొక్కాతో సహా ఆయన తర్వాతి దీవికి వెళ్లిపోయారు.

పడవ కనుమరుగయ్యాక ఒక ముసలావిడ రేవు దగ్గరికి పరుగున వచ్చింది. ఆవిణ్ణి అందరూ రేవు మామ్మ అంటారు. పేటకి మంత్రసాని ఆవిడే. నేను పెట్టెలు ఎత్తుకోకముందే నా చెయ్యి పట్టుకుంది.

"బాబూ, ఈ పేటలో సగం మందిని నానే బయటికి లాగినాను. ఇది మాత్రం నా సేతిలో పని కాదు. నా మనవరాలికి రాత్రి నుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిపోనాది. డాట్రుకాడికి ఎల్లాల. నీ డబ్బాతో బేగి సెప్పు!"

తుఫాను షెల్టరు లోపలి నుంచి ఆ అమ్మాయి మూలుగు వినిపిస్తోంది. నిజం చెప్పొద్దూ, నాకు భయమేసింది. భయమేస్తే నేను రూల్సు పట్టుకుంటాను, అది నా స్వభావం. మొవ్వు విరిగిపోయిన కొబ్బరిచెట్టుకి యాంటెన్నా కట్టించి, బ్యాటరీ తగిలించి, జీపీఎస్ మిషను ఆన్ చేసి, అది చూపిన అంకెలు రాసుకుని, గొంతు సవరించుకున్నాను. "కంట్రోల్, ఇది స్టేషన్ ఏడు. అత్యవసర వైద్య సహాయం, ప్రసవం కేసు, ఒక పడవ కావాలి" అని చెప్పి అంకెలు చదివి, చివర "ఓవర్" అన్నాను. (మన మాట అయిపోయింది, ఇక మీరు మాట్లాడండి అని దాని అర్థం.) చుట్టూ చేరిన జనం నన్ను డాక్టరుని చూసినట్టు చూశారు.

కాసేపటికి కంట్రోల్ రూమ్ గుమాస్తా పిలిచాడు. "స్టేషన్ ఏడు, మీ స్థానం ఇంకోసారి చూసుకోండి, ఓవర్." నేను కాగితం చూసి అవే అంకెలు ఇంకాస్త గట్టిగా చదివాను. గంట తర్వాత మళ్లీ అడిగాడు. మళ్లీ అవే చదివాను. మూడోసారి అడిగేసరికి నాకు ఒళ్లు మండింది. "కన్ఫర్మ్! కన్ఫర్మ్! నేను శిక్షణలో ఫస్టొచ్చాను, ఓవర్!" అన్నాను. మధ్యాహ్నం దాటింది. పడవ జాడ లేదు. లోపల మూలుగు కాస్తా కేక అయింది.

అప్పుడు రేవు మామ్మ వచ్చి నా చేతిలోంచి మైకు లాక్కుంది. "మామ్మా, నియమాలున్నాయి..." అంటుంటే, "నీ నియమాలు పొద్దున్నుంచీ సూస్తన్నాను కదేటి" అని నన్ను మోచేత్తో పక్కకి నెట్టింది.

"ఒరే బాబూ! ఆ పక్కనున్నోడా! నువ్వెవరి తాలూకా?"

అటువైపు గరగరలోంచి బెరుగ్గా, "పాతపట్నం అమ్మా" అని వినిపించింది.

"పాతపట్నంలో ఎక్కడ? సంత కాడా? ఆ సంతలో నాను ముప్పై ఏళ్లు ఎండుసేపలు అమ్మినాను. మీ ఇంట్లో రొయ్యపొట్టు ఎవురు కొనేవోరు?"

"మా మామ్మ కొనేదమ్మా. నీలం కోక, కళ్లద్దాలు..."

"ఓలమ్మో! బేరం తెగ్గొట్టి మల్లీ గుప్పెడు కొసరడిగేది, ఆ మామ్మ మనవడివేటి! బాగున్నాదా?"

అవతల ఒక ప్రసవం కేసు, ఇవతల బ్యాటరీ తరిగిపోతోంది, వీళ్లు రొయ్యపొట్టు గురించి మాట్లాడుకుంటున్నారు. నేను తల పట్టుకున్నాను. అప్పుడు ఆ గుమాస్తా ఆఫీసు గొంతు వదిలేసి ఇంటి గొంతుతో అన్నాడు.

"మామ్మా, పడవ పొద్దున్నుంచి రేవులో రెడీగా ఉన్నాది. ఎక్కడికి పంపాలో తెలీడం లేదు. మీ కుర్రోడు సెప్పిన అంకెలు పటంలో పెడితే, మీ దీవి ఇజీనగరం జిల్లాలో పడతన్నాది. గరివిడి ఊరి మధ్యన. మూడుసార్లు అడిగినాను. కన్ఫర్మంటాడు, ఫస్టొచ్చానంటాడు!"

నాకు తల తీసేసినట్టయింది. ఆ మిషను ఆన్ చేశాక ఉపగ్రహాలు అందేదాకా కాసేపు ఆగాలి. ఆగకపోతే చివరిసారి ఎక్కడ వాడామో ఆ చోటే చూపిస్తుంది. చివరిసారి వాడింది కరివేపాకు మొక్క పక్కన. పొద్దున్నుంచీ ఆ అమ్మాయి కోసం నేను మా పెరట్లోకి పడవ పంపమంటున్నాను!

ఆ మాటలు అన్ని దీవులకీ వినిపిస్తాయని చెప్పాను కదా? (చెప్పలేదా? చెప్పడానికి మనసొప్పలేదు.) మూడో దీవి నుంచి ఎవడో, "స్టేషన్ ఏడు, గరివిడిలో నీళ్లు తగ్గాయా, ఓవర్" అన్నాడు. అయిదో దీవి పకపకా నవ్వింది. మామ్మ మాత్రం నవ్వలేదు.

"పెద్ద పాయలోకి రాకండి, ఇసక మేటేసినాది. ఈ తీరంలో ఐసు ఫ్యాక్టరీ ఒక్కటే, దాని గోడ కాడ ఎడం పాయ పట్టుకోండి. మొండి తాడిసెట్టు దాటితే నా ఎర్రకోక అగుపిస్తాది."

చెప్పినట్టే పెట్టెలోంచి ఎర్రకోక తెచ్చి నా యాంటెన్నాకి కట్టించింది. సిగ్నలు పాడైపోతుందని నోటిదాకా వచ్చింది కానీ అనలేదు. గంట తిరక్కుండా పడవొచ్చింది. నర్సు కూడా ఉంది. ఆ అమ్మాయిని ఎక్కిస్తుంటే నేనూ ఒక పక్క పట్టుకున్నాను. ఆ రోజంతా నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే. మర్నాడు గుమాస్తా ముందు మామ్మని పిలిచి, ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీబిడ్డా బాగున్నారనీ చెప్పాడు. మామ్మ మైకు నా చేతికిచ్చి, నా బుగ్గ పట్టుకుని, "నీ డబ్బా మంచిదే బాబూ. నువ్వే కుసింత ఆగాల" అంది. నేను అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

ఇప్పుడు కంట్రోల్ రూమ్‌లో ఆ గుమాస్తా కుర్చీలో నేనే కూర్చుంటున్నాను. తుఫాను రోజుల్లో కొత్త కుర్రాళ్లు అంకెలు గడగడా చదివేస్తుంటే, ఆపి, "పక్కన ఎవరైనా ముసలావిడ ఉంటే మైకు ఆవిడకియ్యి నాయనా" అంటాను. వాళ్లు నాకు చాదస్తమనుకుంటారు. ఇంట్లో పరిస్థితి ఇంకా ఘోరం. వానాకాలం పెరట్లో నీళ్లు నిలిస్తే మా అమ్మ గుమ్మంలో నిలబడి, "ఒరే, నీ దీవి మునిగిపోతన్నాది, పడవేదిరా?" అని కేకేస్తుంది. వెళ్లి చూస్తాను. కరివేపాకు మొక్క చెట్టయింది. దాని పక్కన, నెత్తిమీద తడి తువ్వాలుతో, కన్ఫర్మ్ కన్ఫర్మ్ అంటూ ఆ ఫస్టొచ్చిన కుర్రాడు ఇంకా నిలబడే ఉన్నట్టుంటుంది. కుసింత ఆగరా అని చెప్పాలనిపిస్తుంది.