కోరుట్ల శిబిరంలో కీబోర్డును చంపిన రోజు

ఒక్క మీట నొక్కి కోరుట్ల నడిబజారులో పరువు పోగొట్టుకున్న ముచ్చట చెబుతాను. నవ్వడానికి తొందరపడకండి, గర్వపడే చోటు కూడా ఉంది.

తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు బంద్. జగిత్యాలలో ఇంజినీరింగ్ చదువుతున్న నేను ఆ ఖాళీలో సొంతంగా కెర్నల్ రాశాను. కెర్నల్ అంటే కంప్యూటరును లోపలి నుంచి నడిపించే మూల ప్రోగ్రాము. పాత పద్ధతిలో అన్ని పనులూ దాని కడుపులోనే. ఒకటి చెడితే మొత్తం కూలొచ్చు. నాది చిన్నది. కీబోర్డు, డిస్కు వంటి పనులు చూసే ప్రోగ్రాములు బయటే ఉంటాయి. ఒకటి చచ్చినా మిగతావి బతుకుతాయి.

"పాత కెర్నళ్ల పని అయిపోయింది మేడం!" అన్నాను, మా లెక్చరర్ రాధ మేడంతో.

"గవి ఏండ్ల సంది నడుస్తున్నయ్. నీది గంట నడువనియ్, అప్పుడు మాట్లాడుదాం."

నలుగురి ముందూ నడిపి చూపిస్తానని పంతం పట్టాను. పారిపోజూసే మేకపోతును పట్టుకున్నట్టు కంప్యూటరును ఒళ్లో అదిమిపట్టుకుని, ఆటోలో కోరుట్ల దీక్షా శిబిరానికి చేరాను. మేడం కూడా వచ్చింది. సిరిసిల్ల నేత కార్మికులతో మద్దతుగా వచ్చిన మా బాపు ముందు వరుసలో ఉన్నాడు. పక్క దుకాణం దర్జీ తాత కరెంటు ఇచ్చాడు.

మైకు పట్టాను. "చిన్నగుంటేనే మంచిగ నడుస్తది!"

"జై తెలంగాణ!" అని శిబిరం దద్దరిల్లింది. నేను కెర్నల్ గురించి అన్నానని ఎవరికి చెప్పను?

"ఇప్పుడు కీబోర్డు ప్రోగ్రామును సంపుత. అయినా కెర్నల్ బతుకుతది, సూడుండ్రి!"

చంపాను. తెర మీద గడియారం ఆగలేదు! చప్పట్లే చప్పట్లు. బాపు ఛాతీ రెండింతలైంది.

"మంచిగుంది. ఇగ దాన్ని మళ్ల లేపు," అంది మేడం.

టైపు చేశాను. ఉలుకూ పలుకూ లేదు. టకటకా బాదాను. అప్పుడు వెలిగింది: లేపమని చెప్పాలంటే కీబోర్డే కావాలి. దాన్ని నేనే చంపాను!

"ఏమైంది బిడ్డా?" అన్నాడు బాపు.

"కెర్నల్ బతికే ఉన్నది బాపూ!"

"బతికుంటే పలుకదేంది?" అన్నాడు దర్జీ తాత.

"దానికి ఇనపడుత లేదు తాతా!"

మైకు ఆన్‌లోనే ఉంది. బజారంతా నవ్వింది. చివరికి తాత వైరు పీకాడు. మళ్లీ పెడితే, కంప్యూటరులో ముందునుంచీ ఉన్న పాత కెర్నల్ ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంది.

మేడం మైకు అందుకుంది. "నవ్వుండ్రి గని, గిది ఈ పిల్ల ఒక్కతే రాసింది. కీబోర్డు సచ్చినా కూలలే. గది చిన్న పని గాదు."

నా కళ్లు చెమర్చాయి. ఇంతలో బాపు పక్కవాళ్లతో గొప్పగా అంటున్నాడు: "సూసిండ్రా? మా బిడ్డ ఆపితే, మళ్ల లేపుడు ఎవ్వలతోని గాలే!"

ఆ క్షణమే ఒట్టు పెట్టుకున్నాను: మళ్లీ లేపే దారి చూసుకోకుండా దేన్నీ చంపను; మైకు ఆపకుండా నిజం అసలే చెప్పను.